నలుగురైతేనే సీసా

ఐలేశాన్ని కుక్క కరిచిన రోజున సూది మొదట పడింది అతనికి కాదు, అతని గొర్రెకు. ఇందులో ఎవరి తప్పూ లేదు, కాపరి బుద్ధే అంత. పొద్దున తొమ్మిదింటికి రేగులకుంట కట్ట కింద మంద మేస్తుండగా, చొంగ కార్చుకుంటూ ఒక నల్ల కుక్క వచ్చి మచ్చల గొర్రె తొడ పట్టింది. ఐలేశం కట్టె ఎత్తుకుని ఉరికాడు. కుక్క గొర్రెను వదిలిపెట్టి అతని కుడి పిక్క అందుకుంది. కట్టె రెండు ముక్కలైంది, కుక్క ఎటో పారిపోయింది. ఐలేశం తన పిక్క వైపు చూడనైనా చూడలేదు. మందను భార్య గోపమ్మకు అప్పజెప్పి, గొర్రెను ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు బయలుదేరాడు.

పశువుల డాక్టరు కృష్ణకాంత్ మంచివాడు. గొర్రె గాయం కడిగి, సీసా తీసి, సూది పొడిచి, తర్వాత ఎప్పుడెప్పుడు తీసుకురావాలో చెప్పి చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు కనబడింది ఆయనకు ఐలేశం ధోవతి.

"ఆ నెత్తురు గొర్రెదేనా?"

"కాదు సారూ, నాదే. గా మందు జర మిగిలితే నాకు గూడ ఓ పోటు పొడువుండ్రి. ఎట్లగూ అచ్చిన గద."

కృష్ణకాంత్‌కు నవ్వు వచ్చింది గానీ, కాలు చూశాక ఆగిపోయింది. ఐలేశాన్ని నల్లా కింద కూర్చోబెట్టి, చేతిలో సబ్బుబిళ్ళ పెట్టి, గడియారం చూసుకుంటూ పావుగంట సేపు కడిగించాడు.

"ఇది పశువుల మందు. నీకు వెయ్యకూడదు, ఏస్తే నన్ను కొలువుల ఉంచరు. కానీ ఒక్క ముచ్చట చెప్త ఇను. ఆ కుక్క వాలకం నాకు మంచిగ అనిపిస్తలేదు. ఆ రోగం మనిషికి వచ్చిందంటే ఇగ హైదరాబాదుల గూడ మందు లేదు. రాకముందే సూదులు ఏసుకోవాలె. ఇయ్యాల్నే పో. మరీ కాకుంటే రేపు. అంతకు మించి ఆగకు."

ఐలేశం తల ఊపాడు. పశువుల డాక్టరు మాటంటే అతనికి వేదం. గొర్రెను ఇంటి దగ్గర కట్టేసి, ధోవతి మార్చుకుని, ఊరి చివర ఉన్న మనుషుల దవాఖానకు నడిచాడు. డాక్టరమ్మ ఏదో రెండు రోజుల మీటింగుకు భువనగిరి పోయిందట. మందుల కిటికీ వెనుక కమలాకర్ ఉన్నాడు. కమలాకర్ చెడ్డవాడు కాదు, కాకపోతే చేతిలో ఉన్న ప్రతి వస్తువూ తన ఇంటి గాదెలోదే అన్నట్టు కాపాడే రకం. దూది అడిగినా కొంచెం తక్కువే చించి ఇస్తాడు.

"కుక్క కాటా? మందైతే ఉన్నది," అన్నాడు కమలాకర్. "కానీ ఒక్కసారి సీసా ఇప్పినమంటే నలుగురికి వస్తది. సాయంత్రం లోపల వాడకపోతే మిగిలింది పారబొయ్యాలె. నువ్వేమో ఒక్కనివే వస్తివి. నలుగురైతేనే ఇప్పుతం. ముగ్గురు జమైనంక రా. అంత తొందరుంటే రామన్నపేట పోయి బయట కొనుక్కో."

ఇంకొకరైతే ఇక్కడే గొడవకు దిగేవారు. ఐలేశం దిగలేదు. అతనికి ఆ మాట ఎంతో సబబుగా తోచింది. ఎందుకంటే ఏటా గొర్రెలకు పారుడు రోగం టీకాలు వేసేటప్పుడు జరిగేదీ ఇదే. ఆ సీసా ఒకటి వంద గొర్రెలకు వస్తుంది. ఐసు డబ్బా దించగానే సిబ్బంది అడిగే మొదటి మాట, వంద జీవాలున్నాయా అని. ఐలేశం మంద అరవై. అందుకని ప్రతి ఏడూ పక్క వాడకట్టు నుంచి మల్లేశ్ గొర్రెలు నలభై తోలుకువచ్చి వంద చేస్తాడు. నలభై ఏళ్ళుగా అతనికి తెలిసిన న్యాయం అదే: సీసా నిండా మంద ఉండాలి, అప్పుడే మూత తీస్తారు. ఇక్కడ వంద కూడా కాదు, నలుగురే. సర్కారు దయ గలదే అనుకున్నాడు.

"సరే సారూ, తోలుకస్త," అని దండం పెట్టి వచ్చేశాడు.

గోపమ్మ ఈ సంగతి విని చేటలోని బియ్యం పక్కన పెట్టింది.

"పశువుల డాక్టరు గొర్రె ఒక్కదానికే సీసా ఇప్పిండా లేదా?"

"ఇప్పిండు."

"మరి నీకెందుకు ఇప్పరయ్యా?"

"అది ధరున్న జీవమే," అన్నాడు ఐలేశం, ఏమీ ఆలోచించకుండా. గోపమ్మ అతని మొహంలోకి చూసిన చూపుకు, అన్నమాట వెనక్కి తీసుకుంటే బాగుండు అనిపించింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

"ఒక పొట్టేలును అమ్ముదాం. రామన్నపేట పోయి ఏసుకుందువు."

"ఫ్రిజ్జుల మందు పెట్టుకోని పొట్టేలును ఎందుకమ్మాలె? అదొక్క సూదితోని అయితదా, ఇంకా మూడో నాలుగో ఏస్తరట. సూదికో పొట్టేలును అమ్ముకుంట పోతే మంద ఏడ మిగుల్తది? ముగ్గురే గదనే కావాల్సింది. మందలు కాసినోన్ని, ముగ్గురు మనుషుల్ని జమ చెయ్యలేనా? నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫికరు లేదని అన్నాడే గానీ, ఆ సాయంత్రం అతను తాగినన్ని నీళ్ళు ఎండాకాలంలో కూడా తాగి ఉండడు. ఆ రోగం వస్తే నీళ్ళను చూసి భయపడతారని ఎవరో చెప్పగా విన్నాడు. గోపమ్మ చూడకుండా గాబు దగ్గరకు పోయి, చెంబు ముంచి, నీళ్ళను ఎగాదిగా చూసి, భయం పుట్టడం లేదని తేల్చుకుని తాగేవాడు. కాసేపటికి మళ్ళీ అనుమానం వచ్చేది, మళ్ళీ పోయేవాడు. నాలుగో చెంబుకు నీళ్ళంటే కాదు గానీ చావంటే భయమేసింది. ఆ మాట పెండ్లానికి చెప్పుకోలేక, మంద లెక్క చూసే నెపంతో గొర్రెల మధ్యకు పోయి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లారి మందను గోపమ్మ తోలుకుపోయింది. ఐలేశం చౌరస్తాలో స్వర్ణ చాయ్ కొట్టు ముందు బల్ల మీద మకాం వేశాడు. కొత్త కట్టెను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ మొహాలు కాదు, కాళ్ళు చూస్తున్నాడు. అరవై గొర్రెల్లో ఏది కుంటుతోందో, ముల్లు ఏ కాలిలో ఉందో, అల్లంత దూరం నుంచి చెప్పగల కళ్ళు అవి. ఆ కళ్ళకు మనుషులొక లెక్కా?

మొదట ఎడమ కాలు ఈడుస్తూ ఒకాయన వచ్చాడు. ఐలేశం ఎదురువెళ్ళి అడిగాడు.

"తమ్మీ, కుక్క కరిసిందా?"

"కుక్కెందుకు కరుస్తది? కొత్త చెప్పులే. కరుస్తున్నయి."

రెండో అతన్ని అడిగితే ఎగాదిగా చూసి తన దారిన పోయాడు. చాయ్ పోస్తున్న స్వర్ణ ఇది చూసి ముసిముసి నవ్వులు నవ్వింది.

"ఏందన్నా, పొద్దున్నే కుక్క కరిసినోల్ల కోసం చూస్తున్నవు? ఏమన్న పార్టీ పెడ్తున్నవా?"

"పార్టీనే. నలుగురైతే చాలు, గెల్సినట్టే," అని ఐలేశం సంగతంతా చెప్పాడు. చాయ్ కొట్టులో చెప్పిన మాట ఊరికి చేరడానికి చాటింపు అక్కర్లేదు కదా.

ఎనిమిదింటికి పాల నరహరి మోపెడ్ మీద వచ్చాడు. అటూ ఇటూ క్యాన్లు వేలాడుతున్నాయి. కొట్టు ముందు పడుకున్న ముసలి కుక్క ఊరికే తల ఎత్తి చూసింది. అంతే, నరహరి రెండు కాళ్ళూ ఎత్తి హ్యాండిలు దగ్గర పెట్టుకున్నాడు. బండి వంకర్లు తిరిగి కంకర కుప్పకు ఆనుకుని ఆగింది.

"నిన్ను కరిసింది!" అన్నాడు ఐలేశం సంబరంగా.

నరహరికి ఏడుపొక్కటే తక్కువ. ఏడు రోజులైందట. పక్క ఊళ్ళో పసరు తాగాడట. పత్యం నలభై దినాలు, మాంసం కూర ముట్టొద్దు, గుడ్డు ముట్టొద్దు.

"నిన్న మా బామ్మర్ది ఇంట్ల దావత్. అందరు బొక్కలు చీకుతుంటే నేను పప్పుచారు తాగిన. ముందుగాల దవాఖానకే పోయిన అన్నా. నలుగురు కావాలె, ఒక్కనికైతే ఇప్పం పో అన్నరు. మల్ల నేను అటు దిక్కు పోలె."

"ఎప్పుడు పోయినవు?"

"పోయిన వారమే. కరిసిన్నాడే."

ఐలేశం మనసులో ఏదో చిన్నగా గుచ్చుకుంది. అదేమిటో చూసుకునే తీరిక లేదు. ఇద్దరయ్యారు, ఇంకా ఇద్దరు కావాలి.

మూడో మనిషిని చెవితో పట్టుకున్నాడు. చౌరస్తా దాటి సాలోళ్ళ వాడకు పోతే, ధర్మయ్య ఇంట్లో మగ్గం ఆడుతోంది. మగ్గం చప్పుడు ఆ వాడలో పుట్టినవాళ్ళకే కాదు, ఆ దారిన రోజూ గొర్రెలు తోలేవాడికీ కంఠతా వస్తుంది. ఇవాళ ఆ చప్పుడు కుదురుగా లేదు. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ నీరసంగా పడుతోంది. గుంత మగ్గంలో రెండు కాళ్ళతో తొక్కాల్సిన చోట మనిషి ఒకే కాలితో నెట్టుకొస్తున్నాడు. ఐలేశం గడపలోనుంచి తొంగి చూశాడు.

"ధర్మన్నా, ఏ కాలు?"

ధర్మయ్య అటూ ఇటూ ఉరికే నాడెను ఆపి, గుంతలోనుంచి ఎడమ కాలు పైకి తీశాడు. మడమ చుట్టూ నూలు చీర పేలిక. లోపల పసుపు, సున్నం. మూడు రోజులు.

"దవాఖానకు పోయినవా?"

"పోలె. ఆడ మందు ఇయ్యరట, బయట కొనుక్కోవాల్నట. కొనే తాకత్ లేదు. తాకత్ లేనోడు పోయి సర్కారోల్ల ముంగట నిలవడితే అడుక్కున్నట్టుంటది. మన కాల్రెక్కలే మనకు దిక్కు." ధర్మయ్య మెత్తటి మనిషి. తన బట్టకు ధర తక్కువ కట్టినా ఎదురు చెప్పలేక, చీర మడతపెట్టి ఇచ్చి వచ్చే రకం. "ఊకె ఇయ్యుమని అడగనీకె మనమేమిచ్చినం అన్నా వాల్లకు?"

నిజానికి ఐలేశానికీ అది దయాధర్మమనే ఉంది.

"ఏమిచ్చినమో నాకెర్క లేదు గానీ, నువ్వు రాకుంటే నాకు లెక్క కుదరదు. నా కోసం రా, సూది నాకు ఇప్పిచ్చినట్టయితది."

ఎదుటివాడి కోసమంటే ధర్మయ్య కాదనలేడు. కండువా దులుపుకుని లేచాడు.

ఇక నాలుగో మనిషి. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, వాళ్ళు చౌరస్తాకు తిరిగివచ్చేసరికి కొట్టు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. మానస, భువనగిరిలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ముంజేతికి చున్నీ చుట్టుకుని ఉంది.

"పెద్దబాపూ, కుక్క కరిసినోల్లను జమ చేస్తున్నవట గదా? నన్ను గూడ రాసుకో. నిన్న బస్టాండుల కరిసింది. మా అవ్వ కారంపొడి అద్దింది, మంటకు రాత్రంతా నిద్ర లేదు."

"అరెరె! కారం అద్దుతరా బిడ్డా, సబ్బుతోని కడగాలె," అని ఐలేశం కృష్ణకాంత్ అంత గంభీరంగా చెప్పి, స్వర్ణ దగ్గర సబ్బు అడిగి అక్కడికక్కడే ముగ్గురి గాయాలూ కడిగించాడు. లెక్క కుదిరింది. అతని మొహం అంగట్లో మంచి బేరం కుదిరినప్పటిలా వెలిగింది.

నలుగురూ దవాఖానకు నడిచారు. నరహరి మోపెడ్ నెట్టుకుంటూ ముందు, మానస, ధర్మయ్య మధ్యలో, ఐలేశం అందరికంటే వెనుక, కట్టె భుజాన అడ్డంగా పెట్టుకుని.

"ముందల నడువు పెద్దబాపూ, నువ్వే గదా మా లీడర్‌వి," అంది మానస.

"ముందల నడిస్తే ఎన్కల ఎవలు తప్పిపోయిన్రో ఎట్ల తెలుస్తది బిడ్డా? నాకు గిట్లనే అలవాటు."

దవాఖాన అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. అరవై ఐదు దాటి ఉంటాయి. పక్కన చిన్న సద్దిమూట. కుడి అరచేతికి కట్టు. వీళ్ళు మెట్లెక్కుతుంటే ఆశగా తలెత్తి, వేలుతో లెక్కపెట్టుకుంది.

"మీరందరు కుక్క కరిసినోల్లేనా నాయినా?"

"అవునక్కా. నువ్వు?"

ఆమె పేరు యాదమ్మ. అవతలి ఊరు, నాలుగు కిలోమీటర్లు. సోమవారం మేకపిల్లను విడిపించబోతే కుక్క చేయి పట్టింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున సద్దిమూట కట్టుకుని నడిచి రావడం, నలుగురు కాలేదని విని, పగలంతా ఎవరైనా వస్తారేమోనని చూసి, పొద్దువాలాక నడిచిపోవడం.

"నిన్న మధ్యాన్నం ఏడున్నవు?" అన్నాడు ఐలేశం.

"నిన్నొక్కనాడే రాలె. కాల్లు వాసినయి."

ఐలేశం ఇందాక గుచ్చుకున్న ముల్లు ఎక్కడుందో ఇప్పుడు చూసుకున్నాడు. నరహరి వచ్చాడు, పంపేశారు. యాదమ్మ వచ్చింది, పంపేశారు. తను వచ్చాడు, పంపేశారు. ఒక్కొక్కరిని విడిగా పంపేస్తూ, నలుగురు కావడం లేదంటున్నారు. చెరువు గండి మూయకుండా నీళ్ళు నిలవడం లేదన్నట్టుంది. కానీ అప్పటికి అతనికి కోపం రాలేదు. నలుగురు కావాలంటే ఐదుగురయ్యారు, ఈతకు ఒకటనుకుంటే రెండు పిల్లలు పడ్డట్టు. సంబరంగా యాదమ్మను లేపి వరుసలో అందరికంటే ముందు నిలబెట్టాడు.

"సారూ, జమైనం!"

కమలాకర్ కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

"అబ్బో! ఇరవై నాలుగు గంటల్ల పట్టుకొచ్చినవే! మా స్టాఫుకు గూడ గింత చాత కాదు." ఫ్రిజ్జు తెరిచాడు, సీసా తీశాడు. మందు కలిపి నర్సమ్మకు ఇచ్చాడు. యాదమ్మకు రెండు చేతులకూ చిన్న చిన్న పోట్లు. తర్వాత మానస. తర్వాత ధర్మయ్య, కళ్ళు గట్టిగా మూసుకుని. తర్వాత నరహరి, సూది ఇంకా చేతిలో ఉండగానే కూర తినొచ్చా అని అడుగుతూ. తినొచ్చని నర్సమ్మ చెప్పగానే అతనికి లోకమంతా తీపైపోయింది.

ఐలేశం చొక్కా చేయి మడుచుకుని ముందుకు వచ్చాడు.

"అయిపోయింది," అన్నాడు కమలాకర్. "సీసా నలుగురికే. నువ్వు ఐదోవాడివి. ఇంకో ముగ్గురిని తోలుకరా, రేపేస్తం."

"సరే సారూ," అన్నాడు ఐలేశం. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, నోరు తనంతట తానే అనేసింది. కాళ్ళు తమంతట తామే రెండడుగులు వెనక్కి వేశాయి. కరిచిన పిక్క సలిపింది. పశువుల డాక్టరు చెప్పిన రేపు ఇదే. దీని తర్వాత రోజుకు ఆయన పేరు పెట్టలేదు.

మెట్ల దగ్గర ఆగి ఆలోచించాడు. ఊళ్ళో కుక్క కరిచినవాళ్ళందరినీ ఏరుకుని తెచ్చానే. ఇక ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? రేపటికి కొత్తగా ముగ్గురిని కుక్క కరవాలి. స్వర్ణనో, స్వర్ణ పిల్లలనో, ఆ కొత్త చెప్పుల తమ్ముణ్ణో. తను బతకాలంటే ఈ రాత్రి కూర్చుని, దేవుడా ఓ ముగ్గురిని కరిపించు అని మొక్కుకోవాలి. ఆ మొక్కు నోటిదాకా వచ్చిందని తెలిసి అతనికి ఒళ్ళు జలదరించింది. నలభై ఏళ్ళలో పక్కవాడి గొర్రెకు కూడా కీడు కోరని మనిషి.

తిరిగి కిటికీ దగ్గరకు వచ్చాడు.

"సారూ, ఒక్క మాట. ఇంకో ముగ్గురిని కుక్క కరవాలని నేను మొక్కుకోవాల్నా?"

"నేనట్ల అన్ననా?"

"అనలె. కానీ మీ లెక్క గట్లనే ఉన్నది. కరిసినోల్లు ఊర్ల ఇంక లేరు. అంటే కరవాలె. రాని ముగ్గురి కోసం వచ్చిన ఒక్కన్ని పంపుతున్నరు మీరు."

కమలాకర్ చిరాకుపడ్డాడు. "నీకు చెప్తే తెల్వదయ్యా. ఒక్కనికని ఇప్పితే ముగ్గురి మందు మోరీల పొయ్యాలె."

"ఆర్డరుందా సార్?" ఈ మాట అన్నది మానస. గొంతులో ఏ కోపమూ లేదు, పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అడిగినట్టు అడిగింది. "ఒక్కరొస్తే వెయ్యొద్దని కాగితం ఉంటది గదా. ఒకసారి చూపియ్యుండ్రి, చదువుకుంటం."

కాగితమే కదా అని కమలాకర్ ధీమాగా బీరువా తెరిచాడు. ఎర్ర ఫైలు చూశాడు. నీలం ఫైలు చూశాడు. పాత రిజిస్టర్ల కట్ట విప్పి దుమ్ముకు తుమ్మాడు. నర్సమ్మను అడిగితే ఆమె, మీరే కదా సార్ చెప్పింది అంది. కమలాకర్ మొహానికి చెమట పట్టింది.

"రాసి ఏం లేదు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నాకంటె ముందున్న సారు గిట్లనే నడిపిచ్చిండు. నేను గూడ నడిపిస్తున్న. మందు పాడైతే నన్ను అడిగెటోల్లున్నరయ్యా, అది మీకు తెల్వది."

ఐలేశం కట్టెను గోడకు ఆనించాడు. ఇంత పెద్ద మాట తన నోట వస్తుందని అతనికే తెలియదు.

"మందు పాడైతే అడిగెటోల్లున్నరు. మరి మనిషి పాడైతే అడిగెటోల్లు లేరా సారూ?"

బయట నరహరి మోపెడ్ మీద క్యాన్ల మూతలకు ఎండ తగులుతోంది. పాలు విరిగిపోతాయన్న దిగులు అతని మొహంలో ఉంది గానీ కదలలేదు. యాదమ్మ సద్దిమూట పక్కన పెట్టి మళ్ళీ అరుగు మీద కూర్చుంది, ఎంతసేపైనా సరే అన్నట్టు. అప్పుడు ఎవరూ ఎదురుచూడని మూల నుంచి మాట వచ్చింది.

"మేమడుగుతం," అన్నాడు ధర్మయ్య.

గొంతు సన్నగా, వణుకుతూ ఉంది. తన చీరకు ధర తక్కువైందని కూడా ఎన్నడూ అనని మనిషి. అందరూ తన వైపే చూస్తుంటే సిగ్గుపడి కండువా నలుపుకున్నాడు గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

"ఐలేశన్నకు ఏమన్న అయితే మేమే అడుగుతం. ఈడికే వచ్చి అడుగుతం. పొద్దున నేననుకున్న, ఇది అడుక్కునుడని. కాదు సారూ. ఈ మందు ఈడ పెట్టిందే కుక్క కరిసినోని కోసం. కుక్కేమన్న నలుగుర్ని చూసి కరుస్తదా?"

నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నరహరి పైకే నవ్వాడు. కమలాకర్‌కు నవ్వు రాలేదు. అతను కిటికీలోంచి ఐలేశం పిక్క వైపు చూశాడు. నిన్న కూడా ఆ మనిషి ఇదే కాలితో ఇక్కడే నిలబడ్డాడు, తను అప్పుడు కిటికీ కిందికి తొంగి చూడలేదు. నాలుగు పంటి గాట్లు, చుట్టూ నలుపు. నిజం చెప్పాలంటే కమలాకర్‌కు సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషి మాట మార్చడానికి ఏదో ఒక పని చేయాలి కదా, అతను పోయి ఫ్రిజ్జు తెరిచాడు.

కొత్త సీసా మూత తీసిన చప్పుడు ఐలేశానికి వినబడింది. ఇందాక నలుగురి కోసం తీసినప్పుడు ఆ చప్పుడు అతను పట్టించుకోలేదు. ఇప్పుడు తన ఒక్కడి కోసం తీస్తుంటే చెవులారా విన్నాడు. గోపమ్మ ఇక్కడ ఉంటే బాగుండనుకున్నాడు.

ఇంత పోరాడినవాడు సింహంలా సూది పొడిపించుకుంటాడనుకున్నారు అందరూ. సూది తగలగానే "ఓర్నాయినో" అని అరిచిన అరుపుకు బయట చెట్టు కింది మేకలు చెదిరిపోయాయి. యాదమ్మ పంటి బిగువున నవ్వు ఆపుకుంది.

"నా దగ్గర గొర్రె గూడ గింత అరవదు," అని ఐలేశమే ఒప్పుకున్నాడు.

కమలాకర్ సీసాలో మిగిలిన మందును వెలుతురుకు పెట్టి చూసి నిట్టూర్చాడు. "ముగ్గురిది మిగిలింది. సాయంత్రానికి ఖరాబు."

"సాయంత్రం దాక ఉంచుండ్రి సారూ. ఎవలన్న వస్తే ఏయుండ్రి. రాకుంటే ఇంకా మంచిదే, ఇయ్యాల మన ఊర్ల కుక్క ఎవల్ని కరవలేదన్నట్టు. మందు మిగిల్తే బాధపడతరా ఎవలన్న?"

కమలాకర్ సీసాను తిరిగి ఫ్రిజ్జులో పెట్టాడు. చీటీల మీద తారీఖులు రాసి నలుగురికీ తలా ఒకటి ఇచ్చాడు. ఐలేశం చీటీ మాత్రం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మూడు దినాలకు మల్ల రావాలె. నలుగురు కలిసి వస్తే జర..." అని ఆగాడు.

ఐలేశం చీటీ అందుకుని, మడిచి, చొక్కా జేబులో గుండె వైపు పెట్టుకున్నాడు. కట్టె తీసుకున్నాడు. ఈసారి దండం పెట్టడం మరిచిపోయాడు. మరిచిపోయినట్టు కూడా అతనికి తెలియలేదు.

"వాల్ల ఇష్టం వాల్లది సారూ," అన్నాడు. "నేనైతే ఒక్కన్నే వస్త."